వదిన ఇచ్చే శ్రుతి

అరవ వాళ్ళ ఆడి నెల చివరి శుక్రవారం సాయంత్రం ఐదూ ఇరవైకి, పదకొండు మంది ఆడవాళ్ళ ముందు, శ్రుతి దిగిపోతోందని మా వదినతో అన్నాను. సమయం ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకున్నాను. "వదిన, రెండో చరణం, పై స్వరం అందలేదు, చెప్పాను" అని రాసి, 'చెప్పాను' కింద గీత కూడా గీశాను. చెప్పవలసింది చెప్పేశానన్న తృప్తితో గీసిన గీత అది. ఇప్పుడు ఆ పేజీ తీయాలంటే చెయ్యి రాదు.

కొలతల అలవాటు నాకు ఉద్యోగంలో వచ్చింది. పుదుచ్చేరి నూలు మిల్లులో పరీక్ష గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. దారం ఎంత సన్నమో, ఎంత లాగితే తెగుతుందో చూసి రాయడం నా పని. నూట ఇరవై గజాల దారాన్ని చుట్టగా చుట్టి తూచేదాన్ని. బరువు తేడాగా ఉంటే చీటీ రాసి పంపేదాన్ని. ఆ చీటీ వెళ్తే మిషను ఆగేది. మేస్త్రీలు కోపంగా వచ్చి రెండోసారి తూయమనేవారు. రెండోసారీ నేను రాసిన అంకే వచ్చేది. నా లెక్క తప్పదన్న పేరు మిల్లు గేటు దాటి మా ఉప్పళం వీధిలోకి కూడా వచ్చింది. ఏ విషయమైనా "పాప చెప్పిందా, అయితే సరే" అనేవారు. డెబ్బయ్యో ఏట కూడా నేను అందరికీ పాపనే. మా అన్న పెట్టిన పిలుపు అది.

మా అన్న కచేరీ బృందంలో గిటారు వాయించేవాడు. పెళ్ళిళ్ళకూ, అమ్మవారి గుళ్ళలో ఉత్సవాలకూ వెళ్ళేవాడు. బయట ఏ పాటలు వాయించినా ఇంట్లో మాత్రం వదిన పాడే కీర్తనలకే గిటారు పట్టేవాడు. నాకు నేర్పింది కూడా ఆ కీర్తనలకు పక్కన నిలబడేంత వాయించడమే. అన్న పోయి పద్నాలుగేళ్ళయింది. నెల తిరిగాక వదిన ఆ గిటారును పాత నూలు చీరలో చుట్టి మా ఇంటికి తెచ్చింది. తనకు వాయించడం రాదు కనుక నన్ను వాయించమనీ, తాను పాడతాననీ చెప్పింది. మా శుక్రవారాలు అలా మొదలయ్యాయి. వదిన విల్లియనూరులో కూతురి దగ్గర ఉంటుంది. ప్రతి శుక్రవారం మూడున్నర బస్సుకు వచ్చేది. మా వీధి చివర సంఘం గదిలో నాలుగున్నరకు భజన. వచ్చే వాళ్ళంతా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే వాళ్ళే, కానీ చాలామందికి తెలుగు చదవడం రాదు. కీర్తనలను అరవ లిపిలో రాసి ఇచ్చేదాన్ని. వదిన ఒక పంక్తి పాడితే మిగతావాళ్ళు అందుకునేవారు.

పాట మొదలయ్యే ముందు మాకొక పద్ధతి ఉండేది. వదిన కళ్ళు మూసుకుని 'సా' ఇచ్చేది. ఆ స్వరానికి నేను గిటారు లావు తీగను కలిపి, దాన్ని బట్టి మిగతా ఐదు తీగలూ సరిచేసుకునేదాన్ని. దానికి నాలుగు నిమిషాలు పట్టేది. తీగ ఎప్పుడైనా తెగితే ఆ ఒక్కటే మార్చి పక్క తీగలకు కలిపేదాన్ని. ఆరూ ఒకేసారి మార్చింది లేదు. అన్న చేసింది చూసి నేనూ అలాగే చేశాను. ఎందుకలా అని ఆయన్ను అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. కొలత లేకుండా నేను చేసిన పని బహుశా అదొక్కటే.

నిరుడు నా ఎడమ చేతి ఉంగరపు వేలు కణుపు దగ్గర వాచింది. డాక్టరు గిటారు సంగతి విని, గట్టిగా నొక్కే పని మానుకోమన్నాడు. తప్పు గిటారుది కూడా. సముద్రపు గాలికి దాని మెడ వంగిపోయింది. మెడ మధ్యలో తీగకూ చెక్కకూ ఉన్న ఎడం స్కేలు పెట్టి చూస్తే దాదాపు ఐదు మిల్లీమీటర్లు ఉంది. అంత ఎత్తు నుంచి లావు తీగను నొక్కి పట్టాలంటే వేలి చివర గుంట పడేది. ఆరు నెలలు ఓర్చుకుని, ఇక కుదరక సంగీత వాయిద్యాల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు నా వేలు చూసి ఎలక్ట్రిక్ గిటారు పట్టుకోమన్నాడు. దాని తీగలు సన్నం, ఎత్తు రెండు మిల్లీమీటర్లకు లోపే. వేలు ఆనిస్తే చాలు పలికింది. జూన్‌లో ఒక సోమవారం దాన్ని ఇంటికి తెచ్చాను.

తెచ్చిన రోజే తూచాను. మూడు కిలోల ఆరువందల గ్రాములు. పాతది రెండు కిలోలకు తక్కువ. పాతదానికి బోలు కడుపు ఉండేది, ఒడిలో పెట్టుకుంటే చంటిపిల్లలా ఒదిగేది. ఇది పలక. దాని అంచు తొడను ఒత్తేది. వాయిస్తే పాతదాని కడుపు నా కడుపుకు తగిలి అదిరేది, స్వరం చెవికంటే ముందు ఒంటికి తెలిసేది. దీని స్వరం మూడడుగుల దూరంలో నేలమీద ఉన్న పెట్టెలోంచి వచ్చేది. మొదటి వారమంతా నేను మీటుతుంటే గదిలో ఇంకెవరో వాయిస్తున్నట్టు ఉండేది. పెట్టె ఆన్ చేసి చెయ్యి తీగల మీద పెట్టకపోతే సన్నగా రొద చేసేది, చెయ్యి ఆనిస్తే ఆగేది. ఒకరోజు మా కోడలు వంటింట్లోంచి తొంగి చూసి అడిగింది.

"అత్తా, మోగతా ఉండేది ఫ్రిజ్జా, మీ గిటారా?"

నవ్వాను కానీ నా బాధ వేరే. పద్నాలుగేళ్ళుగా గట్టిగా నొక్కిన వేళ్ళు నావి. ఈ సన్నతీగల మీద అంత బలం పెడితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. వేలు తేలిగ్గా పెట్టడం నేర్చుకోవడానికే పంతొమ్మిది రోజులు పట్టింది. రోజుకు నలభై నిమిషాలు, పొద్దున. ఇంకొకటి, పాతదాని స్వరం మీటగానే పలికి తనంతట తాను పోయేది. దీనిది పోదు. పక్క స్వరానికి వెళ్ళినా మొదటిది వెనకే నిలబడి ఉంటుంది. అరచేతి అంచుతో దాన్ని ఆపాలి. వాయించడం ఒక చేత్తో, మాన్పించడం ఇంకో చేత్తో. ఎక్కడ ఆపాలో అన్నీ కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాను. గొంతు, శ్రుతి, పాట వీటి గురించి ఆ రోజుల్లో ఆలోచించలేదు. నా ఆలోచనంతా వేళ్ళ మీదే.

గిటారుతోపాటు దుకాణదారు ఒక చిన్న క్లిప్పు ఇచ్చాడు. గిటారు తలకు తగిలిస్తే ఒక్కో తీగకు ఒక్కో ఇంగ్లీషు అక్షరం చూపిస్తుంది. తీగ ఆ అక్షరానికి సరిపోతే ముల్లు మధ్యలో నిలబడి పచ్చదీపం వెలుగుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు తరాజు ముల్లు చూసిన దాన్ని నేను. మధ్యలో నిలిచిన ముల్లును చూస్తే నాకెంత హాయో చెప్పలేను. ఆరు తీగలకూ ఆరు పచ్చదీపాలు. ఒక నిమిషం చాలు.

కొత్త గిటారుతో మొదటి శుక్రవారం భజనకు వెళ్ళాను. వదిన నా ఎదురుగా కూర్చుని, చెంగు సర్దుకుని, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది.

"నువ్వు సా ఇయ్యాల్సిన పన్లే వదినా," అన్నాను. "ఇంక మిషనే చెప్తాది."

వదిన కళ్ళు తెరిచింది. "అట్టనా," అంది. "మంచిదే, నాకొక పని తప్పింది."

పక్కన కూర్చున్నావిడ ఇంక వదిన చుమ్మా కూర్చుని పాడితే చాలని వేళాకోళమాడింది. చుమ్మా అంటే ఊరికే. అందరమూ నవ్వాం. వదినా నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉందో నేను చూడలేదు. పచ్చదీపాలు చూస్తున్నాను.

ఆ రోజు పాట బాగానే సాగిందని నోటుపుస్తకంలో ఉంది. నా పొరపాట్లు ఏడు అని కూడా ఉంది. వదిన మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగిందని లేదు. అది నాకు తరువాత గుర్తొచ్చింది. రెండో శుక్రవారం ఆమె తనకు కష్టమైన చరణం వదిలేసి పల్లవికి వచ్చేసింది. మరిచిపోయిందనుకున్నాను. మూడో శుక్రవారం, అందరూ వెళ్ళాక, గిటారును సంచిలో పెడుతుంటే దగ్గరికి వచ్చింది.

"పాపా, ఇది రవంత పైన ఉండాదా?"

నేను క్లిప్పు మళ్ళీ తగిలించి, లావు తీగ మీటి, ఆమెకు చూపించాను. "చూడు, ముల్లు నడుమనే ఉండాది."

వదిన వంగి ఆ దీపాన్ని చూసింది. సరే అన్నట్టు తల ఊపింది. ఆమె అడిగింది ఒకటి, నేను చూపించింది ఇంకొకటి. దీపం తప్పు చెప్పలేదు. తీగ దాని అక్షరం మీదే ఉంది. ఆ అక్షరం వదిన గొంతుకు తగినదా అన్నది ప్రశ్న. అది నాకు తట్టలేదు. ఒక్కసారి కళ్ళు మూసుకుని సా ఇవ్వమంటే అక్కడే తేలిపోయేది.

ఆ తరువాత వారాల్లో వదిన పెరుగు మానేసింది. మిరియాల కషాయం ఫ్లాస్కులో తెచ్చుకునేది. జలుబా అని అడిగితే గొంతు లేవడం లేదంది. వయసు డెబ్బై నాలుగు, సహజమే అనుకున్నాను. నేనొక్కదాన్నే కాదు, ఆమె కూడా అలాగే అనుకుంది. ఆడి చివరి శుక్రవారం భజన మా వాళ్ళకు పెద్దది. గదిలో అమ్మవారి పటానికి వేపాకు తోరణం కట్టి, కూళ్ అనే అంబలి పోసి, ఆ రోజు పెద్ద కీర్తన పాడతారు. ఆ కీర్తన అన్న ఉన్నప్పటినుంచీ వదినదే. రెండో చరణంలో ఒకచోట స్వరం పైకి వెళ్ళి అక్కడే నిలబడాలి. ముప్పై ఏళ్ళుగా ఆమె అక్కడ నిలబడితే మిగతావాళ్ళు పాడడం ఆపి వినేవారు.

ఆ రోజు ఆమె పైకి వెళ్ళింది, అందలేదు. మళ్ళీ వెళ్ళింది. గొంతు చీలింది. నా గిటారు స్వరం మాత్రం ఆ పెట్టెలోంచి పోకుండా, తొణకకుండా, ఆమె పక్కనే నిలబడి ఉంది. పాతదైతే ఈపాటికి ఆగి ఆమెకు చోటిచ్చేది. నేను చేత్తో తీగలు ఆపి అన్నాను.

"వదినా, శ్రుతి దిగిపోతా ఉండాది. గిటారు సరిగ్గానే ఉండాది, చూసినా."

వదిన పక్కనున్నావిడ వైపు తిరిగి, నువ్వు అందుకో అన్నట్టు చెయ్యి చూపించింది. ఆవిడ అందుకుంది. పాట పూర్తయింది. వదిన కూళ్ తాగి, అందరికీ చెప్పి, ఆరుంపావు బస్సుకు వెళ్ళిపోయింది. బస్సు దాకా నేనూ వెళ్ళాను. దారిలో మా అన్న మనవరాలి చదువు గురించి మాట్లాడుకున్నాం. తరువాతి శుక్రవారం ఆమె రాలేదు. ఆ పై శుక్రవారమూ లేదు. ఫోను చేస్తే మోకాళ్ళంది.

పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబరు చివర, వానలు పడకముందు పాత గిటారు తీగలు వదులు చేసి అటక మీద పెట్టిద్దామని తీశాను. వదులు చేసేముందు ఎందుకో క్లిప్పు తగిలించి చూశాను. దాని లావు తీగ ఉండవలసిన అక్షరం దగ్గర లేదు. అక్కడికి ఒకటిన్నర మెట్టు కింద ఉంది. గిటారు మెడ మీద ఒక్కో గదిని మేము మెట్టంటాం. ఇన్నాళ్ళు ముట్టుకోలేదు కదా, సాగి ఉంటుందనుకున్నాను. కానీ ఆరు తీగలూ అంతే కిందికి ఉన్నాయి. వదిలేస్తే సాగిన తీగలు ఒకదానికొకటి సమానంగా సాగవు. అది నాకు దారాలతో తెలుసు.

నా ఫోనులో నిరుటి భజనలు ఉన్నాయి. నా పొరపాట్లు తరువాత వినడానికి రికార్డు చేసుకున్నవి. మొత్తం ఇరవై మూడు శుక్రవారాలు. ప్రతిదాని మొదట్లో గాజుల చప్పుడు, ఎవరో చాప పరచడం, ఆ తరువాత వదిన ఇచ్చిన సా. ఆ క్లిప్పుకే గాలిలో శబ్దం వినే మీట కూడా ఉంది. ఇరవై మూడింటినీ ఒక్కొక్కటిగా వినిపించి అంకె రాసుకున్నాను. రెండు గంటలు పట్టింది. ఇరవై మూడింటిలోనూ ఆమె సా ఒకే చోట ఉంది. ఎండల్లో, వానల్లో, జలుబు చేసిన రోజు, మనవడు ఆసుపత్రిలో ఉండగా వచ్చిన రోజు, అన్నిట్లో అక్కడే. ఎక్కువలో ఎక్కువ తేడా వెంట్రుకవాసి. మిల్లులో నేను ముప్పై ఒక్క ఏళ్ళు తూచిన ఏ దారమూ అంత నిలకడగా రాలేదు. ఆ సా పాత గిటారు లావు తీగ దగ్గరే ఉంది. అన్న ఆమె గొంతుకు కలిపి పెట్టాడు. ఒక్కొక్క తీగే మారుస్తూ వచ్చాం కనుక అది జారిపోలేదు. నేను ఒక్కరోజులో ఆమె పాటనంతా ఒకటిన్నర మెట్టు పైకి ఎత్తి పెట్టి, అందుకోలేదని ఆమెనే తప్పుపట్టాను.

ఆ శుక్రవారం భజనలో అందరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. వదిన శ్రుతి దిగలేదనీ, నేను ఎత్తిపెట్టాననీ. వాళ్ళు ఆశ్చర్యపోతారనుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకావిడ, తనకూ ఆ రోజులన్నీ పాడలేక పక్కటెముకలు నొప్పెట్టాయంది. ఇంకొకావిడ తన గొంతూ ముసలిదైపోయిందనుకుందట.

"మరి ఒకరన్నా చెప్పలేదే?" అన్నాను.

"మీరు ముల్లు చూపించినారు కదా," అందావిడ. "మీరు చెప్తే ఇంక మేమేం చెప్పేది?"

గిటారును వదిన శ్రుతికి దించాను. దించితే ఆ సన్నతీగలు వదులై, మెట్లకు తగిలి గరగరమన్నాయి. దుకాణానికి వెళ్ళి కొంచెం లావు తీగలు వేయించుకొచ్చాను. వేళ్ళకు మళ్ళీ కొత్త. నేర్చుకున్న తేలిక చెయ్యి ఈ తీగలకు చాలలేదు. పాత బరువు చెయ్యి ఎక్కువైంది. రెంటికీ నడుమ ఎక్కడో పట్టుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది. నొప్పి కొంత తిరిగొచ్చింది. డాక్టరుకు చెప్పలేదు. పదమూడో రోజు మంగళవారం. గిటారు, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు, నోటుపుస్తకం పట్టుకుని విల్లియనూరు బస్సెక్కాను.

వదిన వెనక వసారాలో కూర్చుని మునగాకు దూస్తోంది. నన్ను, నా భుజాన ఉన్న సంచినీ చూసి, ఇంత బరువు మోసుకొచ్చినందుకు ముందు చీవాట్లు పెట్టింది. మేనకోడలు కాఫీ తెచ్చింది. కాఫీ తాగేదాకా నేను ఆగలేదు.

"వదినా, తప్పు నాది. నీ గొంతు దిగలే. నేనే శ్రుతి ఎత్తి పెట్టినా."

ఆమె చేతిలో రెమ్మ దూయడం ఆపలేదు. నేను నోటుపుస్తకం తెరిచి ఒడిలో పెట్టాను. ఇరవై మూడు వరుసలు, ప్రతి వరుసకూ పక్కన అంకె. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను. పాత గిటారు సంగతి, అన్న ఒక్కొక్క తీగే మార్చిన సంగతి, భజనలో మిగతావాళ్ళు అన్న మాటలు, అన్నీ. వదిన అంతా విన్నది. విని, ఆకు చేతినుంచి దులుపుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను ఓదార్చేదానికి ఇంత లెక్క రాసుకోని వచ్చినావు. నాకు తెల్దా పాపా?"

"ఓదార్పు కాదు వదినా. నేను ఎవర్నన్నా ఓదార్చేదాన్నా?"

"అదే కదా," అంది. "నువ్వే ఓదార్చను వచ్చినావంటే నా గొంతు ఎంత చెడిపోయుండాల."

మిల్లులో అయితే రెండోసారి తూచి చూపించేదాన్ని. ఇక్కడ రెండోసారి తూచినదే నా ఒడిలో ఉంది. అది ఆమెకు అంకెల్లా కనిపించడం లేదు, నా జాలిలా కనిపిస్తోంది. అందరి ముందు చెప్పిన మొదటి మాటను మాత్రం ఆమె నమ్మింది. అది ఆమెను నొప్పించింది కాబట్టి, అందులో నా దయ ఏమీ లేదు కాబట్టి, నిజమనుకుంది. బతుకులో ఎప్పుడైనా మెత్తని మాట ఒకటి చెప్పి ఉంటే, ఈ మాట వేరని ఆమెకు తెలిసేదేమో.

మేనకోడలు గ్లాసులు తీసుకుంటూ ఒక సంగతి చెప్పింది. ఆడి నెలంతా అమ్మ రోజూ పొద్దున్నే వెనక మోటారు గదిలోకి వెళ్ళేదట. చెట్లకు నీళ్ళు పెట్టడానికనుకున్నారు. ఒకరోజు చూస్తే మోటారు వేసుకుని, ఆ చప్పుడు పక్కన నిలబడి, ఆ చరణంలో పై స్వరం సాధన చేస్తోందట. ఎవరికీ వినపడకూడదని. కూతురు ఇది చెప్తుంటే వదిన, ఊరుకోవే అంది, అంతే. ఆ నెలంతా నేను పొద్దున నలభై నిమిషాలు వేళ్ళు సరిచేసుకుంటూ ఉన్నాను. అదే వేళకు ఇక్కడ ఆమె లేని తప్పు సరిచేసుకుంటోంది.

చివరికి అడిగాను. ఒక్కసారి సా ఇవ్వమన్నాను, ఇది నీ శ్రుతికే దించి తెచ్చానన్నాను.

"గొంతు లేదు పాపా. నువ్వు వాయించు, వింటా."

వాయించాను. పెద్ద కీర్తనే. ఆమె తొడమీద తాళం వేస్తూ విన్నది. ఆ శ్రుతిలో ఈ గిటారు గొంతే మారిపోయింది. పళ్ళు బిగించి మాట్లాడే మనిషి కాస్త స్థిమితపడి మాట్లాడినట్టు ఉంది. అనుపల్లవి దగ్గర వదిన చెయ్యెత్తి ఆపింది. ఆ చోట స్వరం జారాలట. అన్న జార్చేవాడట. పాతదానిలో నాకు ఎప్పుడూ అది రాలేదు, తీగలు అంత బిగువు. "దీంట్లో వస్తాది చూడు, తీగను పక్కకు లాగు," అంది. లాగాను. స్వరం కింది నుంచి పైకి, మనిషి గొంతులా జారుతూ వెళ్ళింది. ఇంకొంచెం, అంది. ఇంకొంచెం లాగాను. ఆ, చాలు, అంది. నాలుగు నెలలు కాగితాల మీద గుర్తులు పెట్టుకుని వాయించినా ఈ గిటారులో ఏముందో నాకు తెలియలేదు. ఆమెకు ఒక్క పాట చాలింది. ఆ చెవికి నేను శ్రుతి దిగిందని చెప్పాను.

శ్రుతి ఇప్పుడు ఎలా ఉందని అడిగితే సుఖంగా ఉందంది. అది నువ్విచ్చిన సానే అన్నాను. అది ఒకప్పటిదిలే అని మునగాకు చాట దగ్గరికి లాక్కుంది.

అప్పటినుంచి ప్రతి మంగళవారం వెళ్తున్నాను. ఇప్పటికి పదకొండు. శుక్రవారం భజన వదిన పక్కన కూర్చునే ఆవిడే నడిపిస్తోంది, బాగానే పాడుతుంది. వదిన పదకొండు మంగళవారాల్లో ఒక్కసారీ పాడలేదు. నేనూ అడగడం మానేశాను. అడిగిన ప్రతిసారీ లేదని ఆమె చేత చెప్పించినట్టవుతోంది. వాయిస్తాను, ఆమె వింటుంది, దిద్దుతుంది. ఏ జారుడు ఎంత దూరమో, ఏ స్వరాన్ని చేత్తో ఆపకుండా వదిలేయాలో చెప్తుంది. పోకుండా నిలిచే స్వరం ఆమెకు నచ్చింది. నాకు అది దోషమనిపించింది.

తొమ్మిదో మంగళవారం పెద్ద కీర్తన రెండో చరణం వాయిస్తున్నాను. పై స్వరం దగ్గర తీగ లాగి పట్టుకున్నప్పుడు ఎదురుగా ఏదో కదిలినట్టయి తలెత్తి చూశాను. వదిన కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు దగ్గర నరం లేచి ఉంది. శబ్దం ఉందో లేదో తెలియదు, స్పీకరు చప్పుడులో నాకు వినపడలేదు. నా చూపు తగిలిందేమో, కళ్ళు తెరిచింది. పెదవులు మూసుకుని, తాళం వేసే చెయ్యి కూడా ఆపి, కూతుర్ని పిలిచి బస్సు వేళయిందేమో చూడమంది. బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉంది.

ఆ తరువాత రెండు మంగళవారాలూ నేను తల ఎత్తలేదు. స్పీకరు చప్పుడు సగానికి తగ్గించి, చూపు తీగల మీదే పెట్టి వాయిస్తున్నాను. ఆ చరణం వచ్చినప్పుడు స్వరాన్ని ఎంతసేపు నిలవగలిగితే అంతసేపు నిలవనిస్తాను. అది సన్నబడి పోయేదాకా ఎన్ని క్షణాలో లెక్కపెట్టను. వింటాను, అంతే. ఇంతవరకూ గిటారు ఒక్కటే వినిపించింది.